మూడేళ్ళు పరిగెత్తిన హైబ్రిడ్, ముందుకొస్తున్న చవక కారు: ర్యాలీ లోకంలో వింతలు విశేషాలు

ముదినేపల్లి నుంచి కైకలూరు వైపు చెరువుల మధ్యగా పోయే గట్టు దారుల్లో బండి నడపడమే ఒక విద్య. ఒక పక్క చేపల చెరువు, మరో పక్క పంట కాలువ, ఎదురుగా ఐసు నీళ్ళు కార్చుకుంటూ వచ్చే లారీ. నాలుగు చినుకులు పడితే నల్లరేగడి మీద టైరు నిలవదు. గట్టు అంచు ఎక్కడ మెత్తబడి ఉందో రోజూ తిరిగేవాళ్ళకే తెలుస్తుంది.

ఇలాంటి దారుల్లోనే గంటకు 100 కిలోమీటర్లు దాటిన వేగంతో సాగే పోటీ ర్యాలీ. దీనికి ట్రాక్ ఉండదు. మామూలు రోడ్లనే ముక్కలుగా కాసేపు మూసేసి, కార్లను ఒక్కొక్కటిగా వదులుతారు. ఒక్కో ముక్క ఒక స్టేజి. ప్రతి కారుకూ గడియారమే ప్రత్యర్థి. డ్రైవర్ పక్కన కూర్చున్న నావిగేటర్, ముందురోజుల్లో దారి చూసి రాసుకున్న పేస్ నోట్స్ చదువుతూ ఉంటాడు. మన గట్టు రోడ్డుకు ఆ నోట్స్ రాస్తే ఇలా ఉంటాయి: "ఎడమ ఐదు, వంద, కుడి మూడు, లోపలికి కొయ్యొద్దు." అంటే, తేలికపాటి ఎడమ మలుపు, వంద మీటర్లు తిన్నగా, తర్వాత బాగా తిరిగే కుడి మలుపు. 'కొయ్యొద్దు' అన్న హెచ్చరిక ఎందుకంటే, మలుపు లోపలి అంచు మీదికి చక్రం ఎక్కితే కారు చెరువులో ఉంటుంది.

ఈ పోటీల్లో పైమెట్టు ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్. ఈ మధ్య అక్కడ చాలా మార్పే జరిగింది. హైబ్రిడ్ కారు వచ్చింది, రికార్డులు రాసింది, మూడేళ్ళకే వెళ్ళిపోయింది. 2027లో కొత్త కారు రాబోతోంది. దాని విశేషం వేగం కాదు, ధర.

67 ఏరియేటర్ల బలం

2022 జనవరిలో మోంటే కార్లో ర్యాలీతో 'ర్యాలీ1' తరగతి మొదలైంది. టయోటా యారిస్, హ్యుందాయ్ ఐ20, ఫోర్డ్ ప్యూమా: మూడింటిలోనూ 1.6 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజనుకు తోడుగా వెనక ఒకే రకం హైబ్రిడ్ యూనిట్ బిగించారు. జర్మనీలోని కాంపాక్ట్ డైనమిక్స్ సంస్థ తయారీ అది. మోటారు శక్తి 100 కిలోవాట్లు, బ్యాటరీ 3.9 కిలోవాట్ అవర్లు. ఇంజనూ మోటారూ కలిస్తే 500 హార్స్‌పవర్ పైమాట.

రొయ్యల చెరువు ఉన్నవాళ్ళకు ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. 100 కిలోవాట్లంటే దాదాపు 134 హెచ్‌పీ. చెరువులో తిరిగే 2 హెచ్‌పీ ఏరియేటర్లు 67 ఒకేసారి తిప్పే బలం. కానీ బ్యాటరీలో ఉన్నది నాలుగు యూనిట్ల కరెంటు కూడా కాదు. పూర్తి బలంతో వాడితే రెండు నిమిషాల ఇరవై సెకన్లకు ఖాళీ. అందుకే స్టేజి పొడవునా అది నిరంతరంగా పనిచేయదు. బ్రేకు వేసినప్పుడు చక్రాల ఊపు నుంచి కరెంటు తీసి బ్యాటరీలోకి ఎక్కించాలి, మలుపు దాటి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు దాన్ని విడుదల చేయాలి. నిర్ణయించినంత కరెంటు వెనక్కి రాబట్టనిదే తర్వాతి బూస్టు ఇవ్వకుండా నిబంధన పెట్టారు. దాంతో బ్రేకు తొక్కే తీరు కూడా పోటీలో భాగమైపోయింది.

స్టేజికీ స్టేజికీ మధ్య ఊళ్ళ గుండా వెళ్ళేటప్పుడు కొన్నిచోట్ల ఇంజను ఆపి కరెంటు మీదే నడపాలన్నది మరో నియమం. చెవులు చిల్లులు పడే ర్యాలీ కారు చప్పుడు లేకుండా వీధిలోంచి సాగిపోవడం ఆ మూడేళ్ళూ జనం చూశారు.

పచ్చ లైటు, ఎర్ర లైటు

ఈ కార్ల మీద చిన్న లైటు ఒకటి ఉండేది. పచ్చగా వెలిగితే కారును ముట్టుకోవచ్చు. ఎర్రగా వెలిగితే లోపల హై వోల్టేజీ అదుపులో లేనట్టే. తర్ఫీదు పొందినవాళ్ళు ఇన్సులేషన్ గ్లవ్స్ తొడుక్కుని రావాల్సిందే తప్ప మరెవ్వరూ చెయ్యి వేయకూడదు. గుంటలో దిగిన కారును నలుగురు ప్రేక్షకులు చేతులు వేసి రోడ్డెక్కించడం ర్యాలీలో ఎప్పటినుంచో ఉన్న అందం. ఎర్ర లైటు ఆ చేతులను ఆపేసింది.

2022 స్వీడన్ ర్యాలీలో ముందువరసలో పోరాడుతున్న డ్రైవర్ ఓట్ తానక్ కారులో హైబ్రిడ్ యూనిట్ లోపం చూపించడంతో ఆ రోజుకు కారు ఆపేయాల్సి వచ్చింది. యూనిట్‌కు సీలు ఉంటుంది. జట్టు మెకానిక్ దాన్ని విప్పడానికి లేదు. గట్టి దెబ్బ తగిలితే తయారీదారు దగ్గరికే పంపాలి. గుడివాడ, కైకలూరు షెడ్లలో ఏ ఇంజనైనా విప్పి, పాత పార్టు అరగదీసి, సాయంత్రానికల్లా బండిని రోడ్డెక్కించే మెకానిక్కులున్నారు. ర్యాలీ సర్వీసు పార్కులో పనిచేసేవాళ్ళదీ అదే పనితనం. నిమిషాల్లో గేరుబాక్సు దించి ఎక్కించగలవాళ్ళు ఆ ఒక్క పెట్టె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. హైబ్రిడ్‌కు అసలు దెబ్బ అక్కడే తగిలిందని నా నమ్మకం.

అతి పెద్ద వయసు విజేత, పక్కన లెక్కల టీచరు

హైబ్రిడ్ శకంలో మొదటి ర్యాలీనే రికార్డులతో మొదలైంది. 2022 మోంటే కార్లోను ఫోర్డ్ ప్యూమాలో గెలిచిన సెబాస్టియన్ లోబ్ వయసు అప్పటికి 47 ఏళ్ళ 331 రోజులు. ప్రపంచ ర్యాలీ గెలిచినవాళ్ళలో అందరికన్నా పెద్ద. అది ఆయన 80వ విజయం. రెండో స్థానంలో వచ్చిన సెబాస్టియన్ ఓజియేతో తేడా 10.5 సెకన్లు.

లోబ్ పక్కన నోట్స్ చదివిన ఇజబెల్ గాల్మిష్ వృత్తిరీత్యా లెక్కల టీచరు. 1997 తర్వాత ప్రపంచ ర్యాలీ గెలిచిన మొదటి మహిళ ఆమె. అంతకుముందు ఆ ఘనత ఇటలీ నావిగేటర్ ఫాబ్రిజియా పాన్స్‌ది. పాన్స్ 1981లో ఇటలీలోని సాన్ రెమోలోనూ గెలిచారు. ఆ రోజు స్టీరింగ్ పట్టిన మిషెల్ మూటన్, ప్రపంచ ర్యాలీ గెలిచిన మొదటి మహిళా డ్రైవర్. ఆ కారు ఆడీ క్వాట్రో. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందించే పద్ధతిని ర్యాలీలో నిలబెట్టిన కారు అదే.

అతి చిన్న వయసు ఛాంపియన్

అదే 2022లో ఫిన్లాండ్ కుర్రాడు కాలె రొవాన్పెరా న్యూజీలాండ్‌లో ప్రపంచ టైటిల్ ఖాయం చేసుకున్నాడు. అప్పటికి అతని వయసు 22 ఏళ్ళ ఒక రోజు. ముందటి రికార్డు స్కాట్లండ్ డ్రైవర్ కాలిన్ మెక్‌రేది. 1995లో గెలిచేనాటికి ఆయనకు 27 ఏళ్ళు. ఒకే తరగతి కారు, ఒకే సంవత్సరంలో, అతి పెద్ద విజేతనూ అతి చిన్న ఛాంపియన్‌నూ ఇచ్చింది. ర్యాలీలో వయసుకు పెద్దగా లెక్క లేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అతి తక్కువ తేడా: సెకనులో అయిదో వంతు

2011 జోర్డాన్ ర్యాలీలో ఓజియే మరో డ్రైవర్ లాత్వాలా మీద గెలిచింది 0.2 సెకన్ల తేడాతో. 2024 జూన్‌లో ఇటలీలోని సార్డీనియాలో చివరి స్టేజిలో ఓజియే టైరులో గాలి దిగిపోతుంటే తానక్ అదే 0.2 సెకన్లతో గెలిచి ఆ రికార్డును సమం చేశాడు. మూడు రోజులపాటు రాళ్ళలో, దుమ్ములో 250 కిలోమీటర్లకు పైగా పోటీ పడ్డాక, 100 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు లెక్కన మిగిలిన తేడా ఆరు మీటర్ల లోపు.

హైబ్రిడ్ తీసేశాక అత్యంత వేగం

2024 నవంబరులో అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఎఫ్‌ఐఏ నిర్ణయం ప్రకటించింది: 2025 నుంచి ర్యాలీ1 కార్లలో హైబ్రిడ్ ఉండదు. కారు కనీస బరువును 1260 కిలోల నుంచి 1180కి తగ్గించారు. ఇంజనులోకి వెళ్ళే గాలిని అదుపు చేసే రెస్ట్రిక్టర్‌ను 36 మిల్లీమీటర్ల నుంచి 35కి కుదించారు. అంటే మోటారు బలం పోయింది, ఇంజను బలం కూడా కాస్త తగ్గింది.

కార్లు నెమ్మదిస్తాయనుకున్నారు. 2025 ఆగస్టులో ముగిసిన ఫిన్లాండ్ ర్యాలీని రొవాన్పెరా సగటున గంటకు 129.95 కిలోమీటర్ల వేగంతో గెలిచాడు. ప్రపంచ ర్యాలీ చరిత్రలోనే అదే అత్యంత వేగం. 2016లో అదే ర్యాలీలో క్రిస్ మీక్ సాధించిన 126.60 రికార్డు చెరిగిపోయింది. మొదటి అయిదు స్థానాలూ టయోటావే. బరువు తగ్గిన కారు మలుపుల్లో ఎంత చురుగ్గా తిరుగుతుందో ఆ అంకె చెబుతుంది. అదే ఏడాది చివర ఓజియే తొమ్మిదో టైటిల్ గెలిచి, 2004 నుంచి 2012 దాకా వరసగా తొమ్మిది గెలిచిన లోబ్ సరసన నిలిచాడు.

అత్యంత ముఖ్యమైన అంకె: 3,45,000 యూరోలు

ర్యాలీ1 కారు ఒక్కటి తయారవడానికి పది లక్షల యూరోలకు దగ్గరగా అయ్యేది. మన లెక్కలో పది కోట్ల రూపాయల మాట. ఫలితం కళ్ళముందే ఉంది. పైతరగతిలో మూడు కంపెనీలే మిగిలాయి, స్టార్టు లైను దగ్గర కార్లు పది దాటడం కష్టమైంది. ప్రపంచ పోటీ అని పేరు పెట్టుకున్నాక నిలబడే కార్లు పదే అయితే ఆ పేరుకు బలమేముంది?

2027 నుంచి వచ్చే నిబంధనలు దీనికి జవాబు. కారు ధరకు 3,45,000 యూరోల గరిష్ఠ పరిమితి పెట్టారు. రూపాయల్లో సుమారు మూడున్నర కోట్లు. ఉక్కు గొట్టాలతో కట్టిన భద్రతా పంజరం కారుకు వెన్నెముక. దాని మీద ఏ కంపెనీ అయినా తన కారు ఆకారాన్ని తొడగవచ్చు. సస్పెన్షన్, బ్రేకులు, స్టీరింగ్ కింది తరగతి 'ర్యాలీ2' నుంచే తీసుకుంటారు. శక్తి సుమారు 300 హార్స్‌పవర్. పెద్ద కంపెనీలే కాదు, సొంతంగా కార్లు కట్టే వర్క్‌షాపులు కూడా కారు నమోదు చేసి పోటీకి దింపవచ్చు. ఈ చట్రం పదేళ్ళు నిలవాలన్నది ఉద్దేశం. అయితే హైబ్రిడ్‌కు, కరెంటు కారుకు తలుపులు మూసేయలేదు. తర్వాతి సంవత్సరాల్లో వేరే రకం శక్తిని చేర్చుకునే వీలుంచారు.

కింది మెట్ల ధరలు చూస్తే ఈ నిచ్చెన అర్థమవుతుంది. నాలుగు చక్రాల డ్రైవుతో వచ్చిన ఫోర్డ్ ఫియస్టా ర్యాలీ3ని సుమారు లక్ష యూరోల ధరతో విడుదల చేశారు. హైదరాబాద్ డ్రైవర్ నవీన్ పులిగిల్ల, కేరళ నావిగేటర్ మూసా షరీఫ్‌తో కలిసి ఆఫ్రికా ర్యాలీల్లో పోటీ పడింది ఆ తరగతి కారులోనే. పైమెట్టు పది కోట్ల దగ్గర ఉంటే మనవాళ్ళకు అది చూసి రావడానికే పరిమితం. మూడున్నర కోట్లంటే ఇప్పటికీ పెద్ద మొత్తమే, కానీ స్పాన్సర్ దగ్గర అడగగలిగిన మొత్తం.

నిబంధనలు రక్తంతో రాసిన ఏడాది

నిబంధనలు మారడం ర్యాలీకి కొత్త కాదు. 1982 నుంచి 1986 దాకా నడిచిన గ్రూప్ బి కార్లు ర్యాలీ చరిత్రలో అత్యంత భీకరమైనవి. 200 కార్లు తయారుచేస్తే చాలు, పోటీకి అర్హత వచ్చేది. లాన్సియా డెల్టా ఎస్4లో టర్బోచార్జర్, సూపర్‌చార్జర్ రెండూ ఉండేవి. 1986 మార్చిలో పోర్చుగల్‌లో కారు జనంలోకి దూసుకెళ్ళి ప్రేక్షకులు చనిపోయారు. మే 2న కోర్సికాలో డెల్టా ఎస్4 లోయలో పడి కాలిపోయి హెన్రీ టోయివోనెన్, నావిగేటర్ సెర్జియో క్రెస్టో ప్రాణాలు కోల్పోయారు. ఆ తరగతిని మరుసటి ఏడాది నుంచి నిషేధిస్తున్నట్టు వెంటనే ప్రకటించారు.

నిబంధనను మోసం చేసిన కథల్లో పేరుమోసినది 1995 నాటి టయోటాది. గొట్టం విప్పి చూస్తే సక్రమంగా కనిపించే రెస్ట్రిక్టర్, బిగించగానే స్ప్రింగుల సాయంతో సందు తెరిచి ఎక్కువ గాలి పీల్చుకునేది. స్పెయిన్‌లో పట్టుబడ్డాక పాయింట్లు పోయాయి, 12 నెలల నిషేధం పడింది. అదే టయోటా 2021 నుంచి 2025 దాకా వరసగా అయిదుసార్లు కంపెనీల టైటిల్ గెలిచింది. మొత్తం 10 టైటిళ్ళతో లాన్సియాది ఇప్పటికీ రికార్డు.

మొట్టమొదటి హైబ్రిడ్, మొట్టమొదటి ఎడారి విజయం

హైబ్రిడ్ కొత్త ఆవిష్కరణ కాదు. ఫెర్డినాండ్ పోర్షె 1900లోనే 'సెంపర్ వివుస్' అనే కారు కట్టాడు. పెట్రోలు ఇంజన్లు కరెంటు పుట్టిస్తే, చక్రాల్లోని మోటార్లు బండిని నడిపేవి. దాదాపు అదే సూత్రంతో ఆడీ ఆర్‌ఎస్ క్యూ ఇ-ట్రాన్ 2024 జనవరిలో సౌదీ అరేబియాలో డకార్ ఎడారి ర్యాలీ గెలిచింది. చక్రాలు తిప్పింది కరెంటు మోటార్లే. ఇంజను పని బ్యాటరీ నింపడం. నడిపిన కార్లోస్ సైన్స్ వయసు 61. అతి పెద్ద వయసులో డకార్ కార్ల విభాగం గెలిచిన రికార్డు ఆయనదే.

కోయంబత్తూరు తెలుగు ఇళ్ళ ఘనత

చవక కారు ఆటను ఎలా పెంచుతుందో చూడాలంటే యూరప్ దాకా పోనక్కర్లేదు. కోయంబత్తూరులోని తెలుగు నాయుళ్ళ కుటుంబాలు చాలు. ఒకే బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థ నిలబెట్టిన జి.డి. నాయుడు ఆ ఊరివారే. 1937లో బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలో తొలి కరెంటు మోటారు తయారీకి కారకుడిగా ఆయన్నే చెప్పుకుంటారు.

మిల్లుల కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్ 1980ల చివర ఒక పని చేశారు. విదేశాల నుంచి ఖరీదైన రేసు కారు తెప్పించే బదులు, వీధి వీధినా తిరిగే మారుతి 800 ఇంజనుతో ఒంటి సీటు రేసు కారు తయారుచేశారు. పేరు ఫార్ములా మారుతి. ఇంజను చెడితే పార్టు ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది, ఏ మెకానికైనా విప్పగలడు. ఒక తరం కుర్రాళ్ళు ఆ కార్లతోనే రేసింగ్ నేర్చుకున్నారు. దక్షిణ భారత ర్యాలీ ఏడుసార్లు గెలిచిన జి.ఆర్. కార్తికేయన్ కొడుకు నారాయణ్ కూడా వారిలో ఒకడు. 2005లో నారాయణ్ కార్తికేయన్ ఫార్ములా వన్ నడిపిన తొలి భారతీయుడయ్యాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో చనిపోయారు. కోయంబత్తూరు దగ్గర 2003లో తెరిచిన రేసు ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు. 2027 నిబంధనల్లో ఎఫ్‌ఐఏ చేస్తున్నది, ఈయన దాదాపు నలభై ఏళ్ళ కిందటే చేసి చూపించారు.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున ప్రపంచ పోటీ

తెలుగు నేల మీద జరిగిన తొలి ఎఫ్‌ఐఏ ప్రపంచ కార్ల పోటీ 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో జరిగిన ఫార్ములా ఇ. 2013లో గ్రేటర్ నోయిడా ఫార్ములా వన్ తర్వాత దేశానికి మళ్ళీ ఆ స్థాయి పోటీ వచ్చింది అప్పుడే. హుస్సేన్‌సాగర్ పక్క 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్. గెలిచింది ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్. ఆ కార్ల శక్తి 350 కిలోవాట్లు. వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులే లేవు, కరెంటు తిరిగి రాబట్టడంతోనే వేగం తగ్గుతుంది. ర్యాలీలో ఇమడలేకపోయిన విద్య నున్నటి నగర వీధిలో చక్కగా ఇమిడింది. కానీ ఆతిథ్య ఒప్పందం ముందుకు సాగక 2024 పోటీ రద్దయింది. అక్కడా అడ్డం పడింది సాంకేతికత కాదు, ఖర్చూ ఒప్పందాలూ.

మిగిలిపోయిన మేలు: ఇంధనం

హైబ్రిడ్ వెళ్ళినా దానితోపాటు 2022లో వచ్చిన ఒక మార్పు నిలబడింది. ప్రపంచ ర్యాలీ కార్లు అప్పటినుంచి భూగర్భ చమురు కలవని ఇంధనంతోనే నడుస్తున్నాయి. ఎఫ్‌ఐఏ ప్రపంచ పోటీల్లో ఆ పని ముందుగా చేసింది ర్యాలీయే. ఇది మన ఏలూరు జిల్లాకు దూరపు సంగతి కాదు. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే స్థాయికి దేశం 2025లో చేరింది. ఆ ఇథనాల్‌లో పెద్ద వాటా ఇప్పుడు మొక్కజొన్నది, నూకలకూ చోటుంది. ఏలూరు జిల్లా మెట్టలో పండేది మొక్కజొన్న, డెల్టాలో పండేది వరి. పోటీల్లో నిరూపితమైన ఇంధనం రోడ్డు మీదికొస్తే దాని మొదటి లాభం దక్కాల్సింది ఈ రైతుకే.

విద్యార్థుల చేతి కారు

దేశంలోని ఇంజనీరింగ్ విద్యార్థులు తామే కట్టిన బగ్గీలతో రాళ్ళూ బురదలో పోటీ పడే బాహా పోటీల్లో 2015 నుంచి కరెంటు బండ్లకూ విడిగా విభాగం ఉంది. తెలంగాణలో నర్సాపూర్ దగ్గరి బీవీఆర్ఐటీ ప్రాంగణం ఆ పోటీలకు వేదికైంది. ఆ కాలేజీ పేరులోని బి.వి. రాజు మన భీమవరం పక్కన కుముదవల్లిలో పుట్టినవారు. ఆ బగ్గీలో వెల్డింగు దగ్గర నుంచి వైరింగు దాకా ప్రతిదీ కుర్రాళ్ళకు తెలుసు. చెడితే వాళ్ళే బాగుచేసుకుంటారు.

ర్యాలీ ఈ మూడేళ్ళలో కోట్లు పోసి నేర్చుకున్న పాఠం ఇదే. నడిపేవాడు కొనగలగాలి, మెకానిక్ విప్పగలగాలి. ఈ రెండూ లేని సాంకేతికత ఎంత గొప్పదైనా పది కార్ల దగ్గరే ఆగిపోతుంది. 2027 జనవరిలో మోంటే కార్లో కొండల మీద కొత్త కార్లు బయల్దేరినప్పుడు అందరూ స్పీడు చూస్తారు. మన కుర్రాళ్ళు మాత్రం స్టార్టు లైనులో ఎన్ని కార్లున్నాయో, అందులో ఎన్నింటిని చిన్న వర్క్‌షాపులు కట్టాయో లెక్కపెట్టాలి. ఆ లెక్క పెరిగితే ముదినేపల్లి నుంచి వెళ్ళే డ్రైవరుకూ మెకానిక్కుకూ అక్కడ చోటు దొరుకుతుంది.